కొరియన్ ప్రత్యయాల దగ్గర కాస్త ఆగు

చిరంజీవికి,

నువ్వు పంపిన అనువాదం చదివాను. కొరియన్ కథను ఇంగ్లీషు మీదుగా కాకుండా నేరుగా తెలుగులోకి తేవాలన్న నీ పట్టుదల నాకెంతో నచ్చింది. మాటలకు అర్థాలు బాగానే పట్టావు. పట్టు జారుతున్నది మాట చివర అంటుకుని వచ్చే ప్రత్యయాల దగ్గరే. పాఠాల్లో వాటిని పార్టికల్స్ అంటారు. విభక్తులున్న భాషలో పుట్టినదానివి, ఆ దారినే వెళ్లు.

రూపాల గురించి టెన్షన్ వద్దు. మాట అచ్చుతో ముగిస్తే దానికి నున్, గ, రుల్ తగులుతాయి. హల్లుతో ముగిస్తే వాటి బదులు వరసగా ఉన్, ఇ, ఉల్. మనం హరికి అంటాం, రాజుకు అంటాం. ముందున్న అచ్చును బట్టి కి, కు మారుతున్నాయి కదా, ఇదీ అలాంటిదే. (సేజోంగ్ రాజు 1446లో హంగుల్ లిపిని ప్రకటించిన కాలపు రాతల్లో 'గ' కనబడదు, 'ఇ' ఒక్కటే ఉండేది.) రుల్, ఉల్ మన ద్వితీయ లాంటివి. మనం "పుస్తకం చదివాను" అని 'ను' వదిలేసినట్టే వాళ్లూ మాటల్లో వాటిని వదిలేస్తుంటారు. 'దొ' అంటే కూడా. "నేనూ వస్తా"లోని దీర్ఘం అదే.

అసలు పేచీ కర్తకు 'నున్' పెట్టాలా, 'గ' పెట్టాలా అన్న దగ్గర. మన కథల మొదలు గుర్తు తెచ్చుకో: అనగనగా ఒక రాజు ఉండేవాడు. ఆ రాజు చాలా మంచివాడు. కొరియన్‌లో మొదటి రాజు 'వాంగ్-ఇ', రెండో రాజు 'వాంగ్-ఉన్'. కథలోకి కొత్తగా అడుగుపెట్టినవాడికి ఇ/గ. పరిచయమైపోయి, ఇక అతని గురించి చెప్పబోతున్నప్పుడు ఉన్/నున్. అందుకే "ఎవరొచ్చారు?" అనే ప్రశ్న 'నుగ' అని గ తోనే వస్తుంది, జవాబులో వచ్చినవాళ్ల పేరుకూ ఇ/గ నే తగులుతుంది.

నున్‌కి ఇంకో పని ఉంది. "ఖొఫినున్ మషొయొ" అంటే "కాఫీ అయితే తాగుతాను" అని. టీ సంగతి పైకి అనలేదు, కానీ వినేవాడికి అందుతుంది. నీ అనువాదంలో ఇలాంటి చోట్ల "నేను కాఫీ తాగుతాను" అని రాసేశావు. ఆ పాత్ర దాచుకున్న సగం మాట అక్కడే పోయింది. అలాగని ప్రతి నున్‌కీ 'అయితే' తగిలించకు. రెండిటిని పోల్చేటప్పుడు 'ఏమో', 'మాత్రం' సరిపోతాయి. చాలాచోట్ల ఏమీ అక్కర్లేదు.

తెలుగువాళ్లు ప్రత్యేకంగా జాగ్రత్తపడాల్సినది మన 'నాకు'. నాకు ఆకలేస్తోంది, నాకు కాఫీ ఇష్టం అంటాం కాబట్టి, కొరియన్ మాట్లాడేటప్పుడు కూడా 'కు' అర్థమిచ్చే 'హంతె' నోటికొస్తుంది. అక్కడ అది కుదరదు. "పెగ గొఫాయొ", అంటే ఆకలి గొన్నది కడుపు, దానికి గ. "చొనున్ ఖొఫిగ చోఆయొ"లో నాకు బదులు నేను, దానికి నున్, ఇష్టమైన కాఫీకి గ.

'లో' కూడా ఇబ్బంది పెడుతుంది. ఇంట్లో ఉన్నా, ఇంట్లో తిన్నా మనకు ఒకటే లో. కొరియన్‌లో ఉంటే "చిబె ఇస్సొయొ", తింటే "చిబెసొ మొగొయొ". ఊరికే ఉండటానికి ఎ, పని జరిగే చోటుకి ఎసొ. ఈ ఎసొ "నుంచి" అనే అర్థంలోనూ వస్తుంది, క్రియ చూసి తేల్చుకో.

నీ కథలో నాయనమ్మ వచ్చే వాక్యం మళ్లీ చూడు. అక్కడ గ బదులు 'క్కెసొ' ఉంది, అది గౌరవ రూపం. నువ్వు "నాయనమ్మ వచ్చింది" అని రాశావు. మన ఇళ్లలో అలా అనుకుంటాం, నిజమే. కానీ మనవడు అందరిముందూ ఆవిడ పేరెత్తే తీరు ఆ కథకు ముఖ్యం. "వచ్చారు" అని మార్చు. తర్వాత మొదటి పేజీలో ప్రతి నున్, ప్రతి గ కింద గీత గీసి, అక్కడ అదే ఎందుకు వాడారో పక్కన ఒక్క ముక్క రాసి పంపు. రెండో పేజీ అది చూశాక మాట్లాడుకుందాం.

ఆశీస్సులతో