నాయన దాచింది అమ్మకే ఉండనివ్వండి

ప్రశ్న: మాది తిరుపతి, కొర్లగుంట. మా నాయన పోయి రెండు నెలలైంది. ఆర్టీసీలో పనిచేసి రిటైరయ్యారు. నాకు 43 ఏళ్లు. శ్రీసిటీలో ఒక కంపెనీలో సూపర్‌వైజర్‌ని. 11 ఏళ్ల సర్వీసు, జీతం 48 వేలు, అందులో బేసిక్ 24 వేలు. ఒక లైన్ మూసేసి మనుషుల్ని తగ్గిస్తారని చెప్పుకుంటున్నారు. పీఎఫ్‌లో 9 లక్షలు, బ్యాంకులో 80 వేలు ఉన్నాయి. హోమ్ లోన్ ఇంకా 11 లక్షలు, ఈఎంఐ 14 వేలు, ఇంటి ఖర్చు 22 వేలు. నాయన 14 లక్షల ఎఫ్‌డీలు వదిలి వెళ్లారు. నామినీ నేనే. ఆ డబ్బుతో లోన్ తీర్చేయాలా, రిటైర్మెంట్ కోసం మ్యూచువల్ ఫండ్లలో పెట్టాలా? రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. అమ్మకు 66, చెల్లెలు మదనపల్లెలో ఉంది.

జవాబు: రెండు నెలలంటే ఇంకా మాసికాలు పెడుతున్న రోజులు. ఉద్యోగం గురించిన పుకార్లు నాయన ఉన్నప్పుడు వచ్చి ఉంటే మీకు ఇంత భయం వేసేది కాదేమో. ఇంటికి పెద్దదిక్కు పోయినప్పుడు ప్రతి లెక్కా రెండింతలు బరువుగా కనిపిస్తుంది. మా నాయన పోయిన మూడో నెలలో తెలిసినవాళ్లు చెప్పారని నేనొక పాలసీ మీద సంతకం పెట్టాను. ఆయన డబ్బును వెంటనే ఏదో ఒకటి చేయాలన్న తొందర తప్ప అందులో ఆలోచన లేదు. అందులోంచి బయటపడటానికి ఐదేళ్లు పట్టింది. ఏడాది తిరిగేదాకా మనం గృహప్రవేశం పెట్టుకోం కదా, వెనక్కి తీసుకోలేని డబ్బు నిర్ణయాలకూ అదే పద్ధతి పాటించండి.

ముందుగా ఒక మాట. ఆ 14 లక్షలు మీ ఒక్కరివే కావు. నామినీ అంటే బ్యాంకు నుంచి తీసుకుని వారసులకు అప్పజెప్పే మనిషి మాత్రమే. నాయన వీలునామా రాయకపోతే, హిందూ వారసత్వ చట్టం ప్రకారం అమ్మకు, మీకు, చెల్లెలికి సమాన వాటాలు (మీ నాయనమ్మ ఉంటే ఆమెకూ ఒక వాటా). అందుకే లోన్ సంగతి తర్వాత, ముందు చెల్లెలికి ఫోన్ చేయండి. తను ఒప్పుకుంటే మొత్తం అమ్మ పేరు మీదికి మార్చండి.

అందులో 12 లక్షలు పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీమ్‌లో వేయండి. 2023 ఏప్రిల్ నుంచి దీని వడ్డీ 8.2 శాతం. ఖాతా తెరిచిన రోజున్న రేటే ఐదేళ్లూ ఉంటుంది. ఆ లెక్కన మూడు నెలలకోసారి అమ్మకు 24,600 రూపాయలు వస్తాయి. మిగతా 2 లక్షలు ఆమె పేరుతోనే చిన్న ఎఫ్‌డీగా ఉంచండి, ఆసుపత్రికో, అత్యవసరానికో. నాయనకు ఈపీఎస్ (పీఎఫ్‌తోపాటు ఉండే ఉద్యోగుల పెన్షన్ పథకం) పెన్షన్ వస్తుంటే, అందులో సగం అమ్మకు వితంతు పెన్షన్‌గా రావాలి. ఇంకా అప్లై చేయకపోతే ఈ వారమే పీఎఫ్ ఆఫీసుకు వెళ్లి కనుక్కోండి.

ఇక లోన్. ఇప్పుడు తీర్చకండి. లోన్‌లోకి వెళ్లిన డబ్బు, రేపు ఉద్యోగం పోతే బియ్యానికీ పిల్లల ఫీజుకూ తిరిగి రాదు. మీకు ఇప్పుడు కావాల్సింది ఆరు నెలల ఖర్చు. ఇల్లు, ఈఎంఐ కలిపి నెలకు 36 వేలు, అంటే 2 లక్షల 16 వేలు. చేతిలో 80 వేలున్నాయి. మిగిలినది జీతంలోంచి మెల్లగా కూడబెట్టండి. అది పూర్తయ్యేదాకా మ్యూచువల్ ఫండ్ ఊసు వద్దు. ఒకవేళ కంపెనీ నిజంగానే తీసేసినా ఉత్త చేతులతో పంపలేదు. బేసిక్ 24 వేల మీద ఏడాదికి 15 రోజుల చొప్పున 11 ఏళ్లకు గ్రాట్యుటీయే లక్షా 52 వేలు దాటుతుంది. టెన్షన్ పడాల్సింది ఇంకొకటి ఉంది: కంపెనీ హెల్త్ పాలసీ ఉద్యోగంతోపాటే పోతుంది. ఉద్యోగం ఉండగానే సొంతంగా ఒకటి తీసుకోండి. పాత జబ్బులకు మూడేళ్ల దాకా క్లెయిమ్ ఇవ్వకుండా వెయిటింగ్ పెట్టవచ్చు కాబట్టి ఎంత ముందైతే అంత మంచిది. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత హెల్త్ పాలసీల మీద జీఎస్టీ కూడా లేదు.

రిటైర్మెంట్ గురించి మీ భయం నాకు అర్థమైంది, కానీ లెక్క మీరనుకున్నంత చెడ్డగా లేదు. ఇకపై ఒక్క రూపాయి వేయకపోయినా, 8 శాతం వడ్డీ వస్తే మీ 9 లక్షల పీఎఫ్ 15 ఏళ్లకు 28 లక్షలు దాటుతుంది. ధరలు ఏటా 6 శాతం పెరిగితే దాని విలువ నేటి 12 లక్షలంతే, అది ఒక్కటే సరిపోదు. కానీ పునాది పడింది. మీరు ఈపీఎస్ సభ్యులైతే, పదేళ్ల సర్వీసు దాటింది కాబట్టి 58కి ఆ పెన్షన్‌కూ అర్హత వచ్చేసినట్టే. ఉద్యోగం మారాల్సి వస్తే పీఎఫ్‌ను కొత్త కంపెనీకి మార్చుకోండి, ఎంత ఇబ్బందైనా ఊడ్చి తీసేయకండి. నెలకు ఎంత పెట్టాలో సంవత్సరీకం అయ్యాక కూర్చుని లెక్క వేద్దాం.

పోస్టాఫీసుకు అమ్మను వెంట తీసుకెళ్లండి. ఇన్నాళ్లూ కాగితాలన్నీ నాయనే చూసుకుని ఉంటారు. ఏ పాస్‌బుక్ దేనిదో, ఏ నెలలో ఎంత పడుతుందో ఆమె చేతే ఒక నోట్‌బుక్‌లో రాయించండి.