పదిమంది వద్దు పాపా, నలుగురు చాలు

చి॥ల॥సౌ॥ మేనకోడలికి, తిరుపతి నుంచి మామ ఆశీర్వదించి వ్రాయునది.

చంద్రగిరి తోటలో ఆదివారాలు పిల్లలకి గుర్రపుస్వారీ నేర్పిస్తానని నువ్వు ఫోన్లో చెప్పగానే సంతోషంలో ‘కానీయ్’ అనేశాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. బ్యాచికి పదిమంది అన్నావు చూడు, అక్కడ మొదలైంది నా టెన్షన్. ఇది ఫోన్లో తెగే మాట కాదని కాగితం తీశాను.

వెటర్నరీ కాలేజీలో చదివేటప్పుడు ఎన్.సి.సి.లో స్వారీ నేర్చుకున్నదానివి. గుర్రం జబ్బుల గురించి నీకు నేను చెప్పేదేముంది. కానీ గుర్రం మీద నువ్వు కూర్చోవడం వేరు, వరసగా గుర్రాల మీద పిల్లల్ని ఎక్కించి నువ్వు నేలమీద నిలబడడం వేరు. గుర్రం మందలో బతికే జీవం. ఒకటి ఉలిక్కిపడితే మిగతావి ఎందుకని ఆలోచించవు, ముందు దౌడు తీస్తాయి.

నేను రిటైరై వచ్చి ఇక్కడ నేర్పడం మొదలుపెట్టిన రెండో ఏడు. ఏడుగురు పిల్లలు, ఏడు గుర్రాలు, నేను, సాయానికి ఒక కుర్రాడు. చినుకులు మొదలయ్యాయని కంచె పక్కన ఒక తల్లి టప్పున గొడుగు తెరిచింది. ముందున్న గుర్రం పక్కకి దూకింది. వెనకవన్నీ ఒకదాని మీదికొకటి వచ్చాయి. తొమ్మిదేళ్ల పిల్ల జీను మీంచి జారిపడి మోచెయ్యి విరగ్గొట్టుకుంది. తప్పు గొడుగుదేనని వారం రోజులు అందరికీ చెప్పుకు తిరిగాను. కాదు, నాదే. ఆరోజు పిల్లలు ఎవరికి నచ్చిన గుర్రం వాళ్లెక్కారు, ఎక్కిన వరసలోనే బయల్దేరారు. బెదురు గుర్రం ముందు పడింది.

కాబట్టి పిల్లల పేర్లు రాసుకోవడానికి ముందు గుర్రాల వరస తేల్చుకో. వాటిని కొన్నాళ్లు కలిపి వదిలి, నీళ్లతొట్టి దగ్గర చూడు. ఎవరు ఎవర్ని తోస్తున్నారు, ఎవరికి ఎవరంటే పడదు, అన్నీ అక్కడే బయటపడతాయి. అన్నిటికంటే వయసైన, నిదానమైన గుర్రం ముందుండాలి. కాలు విసిరే అలవాటున్నది కడపట. దాని తోకకి ఎర్ర రిబ్బను కట్టు, గుర్రాల వాళ్లందరికీ తెలిసిన గుర్తు అది. గుర్రానికీ గుర్రానికీ మధ్య ఇంకో గుర్రం పట్టేంత, ఎనిమిదడుగులు ఖాళీ ఉండాలి. పిల్లలకి అడుగుల లెక్క తలకెక్కదు. ‘నీ గుర్రం చెవుల మధ్యనుంచి చూస్తే ముందు గుర్రం వెనక డెక్కలు కనిపించాలి, కనిపించకపోతే నువ్వు మరీ దగ్గరికొచ్చావన్నమాట’ అని చెప్పు. రెండో క్లాసుకే పట్టేస్తారు.

ఇక లెక్క. మొదటి ఆరునెలలు నలుగురు. ఒక్కో గుర్రం పక్కన పగ్గం పట్టుకుని నడిచే మనిషి ఒకడు. నలుగురి ఫీజుతో దాణా ఖర్చు కూడా రాదని అల్లుడు లెక్కలేసి చూపిస్తాడు. చూపించనీ. ఫీజు కాస్త పెంచు, బ్యాచిలు రెండు పెట్టు, పిల్లల సంఖ్య మాత్రం పెంచొద్దు.

మొదటి క్లాసులో ఎవర్నీ గుర్రం ఎక్కించకు. తల్లిదండ్రులు ముఖం చిట్లిస్తారు, డబ్బులు కట్టింది గుర్రాన్ని తోమడానికా అంటారు. అననీ. మన ఊరి పిల్లలకి తెలిసిన గుర్రం బ్రహ్మోత్సవాల ఎనిమిదోరోజు రాత్రి స్వామివారి అశ్వవాహనం. అది చెవి కదపదు. నీ గుర్రం చెవులు క్షణం ఊరుకోవు. అవే దాని నోరు. చెవులు ముందుకుంటే ఏదో చూస్తోంది, ఒకటి నీవైపు తిరిగితే నీ మాట వింటోంది, రెండూ వెనక్కి మెడకి అతుక్కుంటే కోపం. పది నిమిషాలు చెవులే చూడమను. తర్వాత బ్రష్షు చేతికివ్వు. నుదుటికి ఎదురుగా, తోక వెనకాల గుర్రానికి కళ్లు కనపడవు. అందుకని పేరు పెట్టి పిలుస్తూ భుజం వైపునుంచి వెళ్లాలి. క్యారెట్ పెట్టేటప్పుడు అరచెయ్యి పళ్లెంలా చాచి, బొటనవేలు పక్కకి ఆనించాలి. భయపడే పిల్ల చేతిని నువ్వే పట్టుకుని గుర్రం మెడమీద, జూలు కింద పెట్టు. అక్కడ వెచ్చగా ఉంటుంది. ఆ పిల్ల భుజాలు కిందికి దిగడం నీకే కనిపిస్తుంది.

జీను పట్టీ సంగతి నీకు తెలిసిందే, అయినా చెప్తా, ఎందుకంటే తొందరలో మరిచేది అదే. పట్టీ బిగించేటప్పుడు కొన్ని దొంగ గుర్రాలు పొట్ట ఉబ్బించి నిలబడతాయి. నాలుగడుగులు నడిపించి మళ్లీ బిగించు, పిల్లల్ని ఎక్కించేముందు ఇంకోసారి వేళ్లు పెట్టి చూడు. రికాబులో, అంటే జీనుకి వేలాడే పాదం పెట్టే కడియంలో, పాదం ముందుభాగమే ఉండాలి, మడమ కిందికి. చెప్పులతో వచ్చినవాణ్ణి ఆరోజుకి కూర్చోబెట్టి చూడమను. కొద్దిగా మడమ ఉన్న బూటు కావాలి, లేకపోతే పాదం మొత్తం రికాబులోకి దూరిపోతుంది, పడితే గుర్రం ఈడ్చుకుపోతుంది. హెల్మెట్ గుర్రపుస్వారీదే కొను, సైకిలుది పనికిరాదు. ఒకసారి గట్టి దెబ్బ తగిలిన హెల్మెట్ పైకి బాగానే కనిపిస్తుంది. పారెయ్.

నడక బాగా కుదిరాక ట్రాట్, అంటే గుర్రం తేలికపాటి పరుగు. అదీ ఒక్కొక్కరే. ముందున్నవాడు చుట్టు తిరిగి వరస చివరికి వచ్చి చేరాలి, మిగతావాళ్లు కదలకుండా ఉండాలి. నిలబడ్డవాళ్లకి బోరు కొట్టకుండా చప్పట్లతో తాళం చెప్పించు, అవీ మెల్లగా. ట్రాట్‌కి రెండే దెబ్బలు, కోలాటం కర్రల్లాగా. ఒక దెబ్బకి లేవడం, ఒక దెబ్బకి కూర్చోవడం. వారాల తరబడి తాళం తప్పే పిల్లవాడికి ఒకరోజు హఠాత్తుగా అది కుదురుతుంది. ఆ ముఖం చూడ్డానికే నేను ఇన్నేళ్లు ఈ పని చేశాను.

ఎవరైనా పడితే పిల్ల దగ్గరికి పరుగెత్తబోతావు. ఆగు. ముందు గొంతెత్తకుండా ‘అందరూ ఆపండి’ అని చెప్పి గుర్రాలన్నీ నిలబడ్డాకే వెళ్లు. పడ్డవాణ్ణి లేపకు. వేళ్లు కదపమను, ఎక్కడ నొప్పో అడుగు. తలకి తగిలిందనిపిస్తే ఆరోజుకి స్వారీ లేదు, నేరుగా ఆస్పత్రికే. ‘మళ్లీ ఎక్కకపోతే భయం పట్టుకుంటుంది’ అనే పెద్దమనుషులు కంచె దగ్గర తయారవుతారు, వాళ్ల మాట వినొద్దు. చేరేటప్పుడే ధనుర్వాతం టీకా వేయించారో లేదో కనుక్కో, గుర్రాలకీ అంతే.

మామిడిచెట్ల కింద తిప్పొద్దు. కొమ్మ కింద గుర్రం తల వంచుకుని దూరిపోతుంది, పైనున్న పిల్ల వంగదు. మన ఎండలకి ఆరింటికి మొదలుపెట్టి ఎనిమిదికల్లా ముగించు. ఇసుక పోయిస్తానన్నావు, రెండు మూడు అంగుళాలు మించనీకు. లోతైతే కాళ్ల నరాలు పట్టేస్తాయి.

చివరగా నువ్వు కొంటానన్న ఆ తెల్లగుర్రం. ఊరేగింపులకి తిప్పిందనీ, బ్యాండుకీ టపాకాయలకీ బెదరదనీ అమ్మేవాడు చెప్పాడన్నావు. బెదరదు, నిజమే. కానీ ఎప్పుడూ పక్కన మనిషి పట్టుకు నడిపిందే తప్ప, పైన కూర్చున్నవాళ్లు కాలితో చెప్పే మాట అది విని ఉండదు. కళ్లెం లాగిలాగి నోరు కూడా మొద్దుబారి ఉంటుంది. నేను చూసేదాకా అడ్వాన్సు ఇవ్వొద్దు. బుధవారం పొద్దున మొదటి బస్సుకి వస్తాను. ముందురోజు రాత్రి దాన్ని మామూలుగానే ఉంచమని అతనికి చెప్పు. మీ అమ్మని అడిగానని చెప్పు.

మీ మామ