తెర మీద గొంతు ఎవరిది? – ఒక యువ రచయిత్రికి లేఖ

చిరంజీవికి,

ఆశీస్సులు. నీ ఉత్తరమూ, దానితో జతచేసిన స్క్రిప్టూ పదిహేను రోజుల క్రితమే అందాయి. రెండుసార్లు చదవాలనుకోవడం వల్ల జవాబు ఆలస్యమైంది. 1930ల నాటి యానాంలో ఒక ఫ్రెంచి అధికారికీ, ఒక తెలుగు అమ్మాయికీ నడుమ పుట్టిన ప్రేమను కథగా తీసుకున్నావు. యుద్ధమూ, వలసపాలనా, ప్రేమా కలగలిసిన ఫ్రెంచి సినిమాలు వరసగా చూశాననీ, వాటి నుంచే ఈ కథ పుట్టిందనీ రాశావు. చివర్లో, "ప్రేమ ముందు చరిత్ర ఓడిపోతుందని ఆ సినిమాలు నాకు నేర్పాయి" అన్నావు. ఆ వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. నీ వయసులో నేనూ ఇంచుమించు ఆ మాటే రాసి, అచ్చులో చూసుకుని మురిసిపోయాను. అది తప్పని తెలుసుకోవడానికి నాకు ఎన్నో ఏళ్లు పట్టింది. అన్నేళ్లు నీకు పట్టకూడదన్న తాపత్రయంతో ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందుగా 'హిరోషిమా మోనామూర్' (హిరోషిమా, నా ప్రేమ) సంగతి మాట్లాడుకుందాం, ఎందుకంటే నీ స్క్రిప్టులో దాని జాడలే ఎక్కువ. 1959లో వచ్చిన ఆ సినిమాను మొదట అణుబాంబు మీద డాక్యుమెంటరీగా తీయమని ఫ్రెంచి దర్శకుడు ఆలెన్ రెనేను అడిగారు. అప్పటికే నాజీ నిర్బంధ శిబిరాల మీద ఒక డాక్యుమెంటరీ తీసి ఉన్న రెనే, మళ్లీ అదే పద్ధతిలో మరో మారణకాండను చూపించలేనని గ్రహించి, కథ రాయమని రచయిత్రి మార్గరీత్ ద్యురాస్‌ను కోరాడు. ద్యురాస్ 1914లో సైగాన్ పక్కన, నాటి ఫ్రెంచి ఇండోచైనాలో పుట్టిన మనిషి. తల్లి అక్కడ బడిపంతులమ్మ. ఆ తల్లి కూడబెట్టిన సొమ్మంతా పెట్టి ప్రభుత్వం దగ్గర తీసుకున్న భూమి సముద్రపు పోటుకు మునిగిపోయేది. వలస ప్రభుత్వపు మాటకూ చేతకూ ఎంత దూరమో ద్యురాస్ చిన్నతనంలోనే కళ్లారా చూసింది.

ఆమె రాసిన ఆరంభాన్ని ఒకసారి గుర్తు చేసుకో. శాంతి గురించిన సినిమాలో నటించడానికి వచ్చిన ఫ్రెంచి స్త్రీ తాను హిరోషిమాలో అంతా చూశానంటుంది, ఆసుపత్రి చూశానంటుంది, మ్యూజియానికి నాలుగుసార్లు వెళ్లానంటుంది. ఆమెను కౌగిలించుకుని ఉన్న జపాన్ ఆర్కిటెక్టు మాత్రం, నువ్వు ఏమీ చూడలేదని ప్రతిసారీ కాదంటాడు. నీలాంటి, నాలాంటి రచయితలందరికీ తగలవలసిన మాట అది. ఫొటోలు చూసి, పుస్తకాలు చదివి, ఒకరి నాశనం మనకు తెలిసిపోయిందనుకుంటాం. తెలియలేదని చెప్పే హక్కు ఉన్న మనిషిని ద్యురాస్ తన కథలోనే, తన నాయిక పక్కనే కూర్చోబెట్టింది. నీ స్క్రిప్టులో అలా కాదనేవాళ్లు ఒక్కరూ లేరు.

ఆ సినిమాలో నది ఒడ్డున ఒక హోటల్లో వాళ్లిద్దరూ కూర్చున్న ఘట్టాన్ని నువ్వు మళ్లీ చూడాలి. జర్మన్లు ఫ్రాన్సును ఆక్రమించిన రోజుల్లో, నెవేర్ అనే ఊళ్లో, ఆమె ఒక జర్మన్ సైనికుణ్ణి ప్రేమించింది. ఊరు విముక్తి పొందే వేళకు అతన్ని ఎవరో కాల్చి చంపారు. శత్రువును ప్రేమించినందుకు ఊరివాళ్లు ఆమెకు గుండు గీశారు, తల్లిదండ్రులు నేలమాళిగలో దాచిపెట్టారు. ఇదంతా ఆమె చెబుతూ ఉండగా జపాన్ మనిషి ఉన్నట్టుండి, నువ్వు నేలమాళిగలో ఉన్నప్పుడు నేను చనిపోయి ఉన్నానా అని అడుగుతాడు. చనిపోయిన జర్మన్ తాలూకు 'నేను'ను ఇతను తన నోట పలుకుతాడు, ఆమె కూడా ఇతన్నే 'నువ్వు' అని పిలుస్తూ ఆ చావు కథ చెబుతుంది. ఒక్క సర్వనామం చేతులు మారడంతో రెండు దేశాలు, ఇద్దరు ఓడిపోయిన సైన్యాల మనుషులు, పద్నాలుగేళ్ల మౌనం ఒకే బల్ల దగ్గరికి వచ్చి చేరాయి. ఆ తర్వాత గదికి తిరిగి వచ్చి అద్దం ముందు నిలబడినప్పుడు ఆమెకు ఊరట కలగదు. మన కథ చెప్పేశాను, అది కూడా చెప్పుకోదగ్గ కథే అయిపోయింది చూడు, అని ఆ చనిపోయినవాడితో అంటుంది. చెప్పడం మొదలుపెట్టిన క్షణం నుంచే మరచిపోవడం మొదలైందని ఆమెకు అర్థమైంది. ఇందులో ప్రేమ చరిత్రను ఎక్కడ ఓడించింది?

ఇక 1963లో అదే రెనే తీసిన 'ముర్యెల్' చూడలేదన్నావు. దాన్ని తప్పకుండా చూడు. అల్జీరియాలో సైనిక సేవ ముగించుకుని బూలోన్ అనే రేవు పట్టణానికి తిరిగి వచ్చిన బెర్నార్ అనే కుర్రవాడు ఒక ముసలాయనకు తాను తీసుకున్న 8 మిల్లీమీటర్ల ఫిల్మును ప్రొజెక్టర్ మీద వేసి చూపిస్తాడు. తెర మీద సైనికులు నవ్వుతుంటారు, కెమెరా వైపు చూస్తుంటారు, తీరిక వేళ కాలక్షేపం చేస్తుంటారు, ఎక్కడా ఒక్క నెత్తుటి బొట్టు కనిపించదు. అదే సమయంలో బెర్నార్ గొంతు, తానూ తన సహచరులూ ఒక అల్జీరియన్ అమ్మాయిని కొట్టంలో పెట్టి హింసించి చంపిన వైనాన్ని వినిపిస్తుంది. ఆమె పేరు ముర్యెల్ అని వాళ్లలో ఒకడు చెప్పాడట, అది ఆమె అసలు పేరు కాకపోవచ్చునట. మనం ఆమెను ఒక్క క్షణం కూడా చూడం. బొమ్మకూ గొంతుకూ నడుమ మిగిలిన ఆ ఖాళీలోనే ఆమె ఉంటుంది. నీ స్క్రిప్టులో ఒక కొరడా దెబ్బల దృశ్యాన్ని మూడు పేజీలు వర్ణించావు. ఎంతో శ్రమపడి రాశావని తెలుస్తూనే ఉంది. అయినా ఆ మూడు పేజీల్లో నాకు కొరడా కనిపించింది గానీ మనిషి కనిపించలేదు.

ఆ సినిమా వచ్చేనాటికి అల్జీరియా స్వతంత్రమై ఏడాదే అయింది. 1954 నుంచి 1962 దాకా అక్కడ జరిగినదాన్ని ఫ్రెంచి ప్రభుత్వం యుద్ధమని అనేది కాదు. శాంతిభద్రతల కోసం చేపట్టిన చర్యలనేది, మామూలు జనమైతే 'ఘటనలు' అనేవారు. 'యుద్ధం' అన్న మాట చట్టంలోకి ఎక్కడానికి 1999 దాకా ఆగవలసి వచ్చింది. మన మన్యంలో జరిగిన పోరాటాలన్నిటికీ తెల్లదొరల కాగితాల్లో 'పితూరీ' అన్న ఒక్క పేరే ఉండేదన్నది నీకు తెలుసు గనుక, పేరు పెట్టే చేతికి ఎంత బలముంటుందో నేను వేరే చెప్పనక్కర్లేదు. ఆ కాలంలోనే, 1964లో, జాక్ దెమీ 'షెర్బూర్ గొడుగులు' తీశాడు. మాటలన్నీ పాటలుగానే సాగే రంగురంగుల ప్రేమకథ అది. నువ్వు దాన్ని కేవలం విషాద ప్రేమగా చదివావు. అందులోని నాయకుడు గీని తన ప్రియురాలి నుంచి విడదీసింది విధి కాదమ్మా, అల్జీరియాకు రమ్మన్న సైనిక పిలుపు.

అధికారం ఎంత చిన్న వస్తువుకు భయపడుతుందో తెలియాలంటే రెనే శిబిరాల డాక్యుమెంటరీ 'రాత్రి, పొగమంచు' సంగతి వినాలి. ముప్పై రెండు నిమిషాల చిత్రమది, దానికి వ్యాఖ్యానం రాసిన జాన్ కేరోల్ స్వయంగా నాజీ శిబిరంలో బతికి బయటపడిన కవి. ఫ్రాన్సులోని పిథివియే నిర్బంధ శిబిరానికి కాపలా కాస్తున్న మనిషి టోపీని బట్టి అతను ఫ్రెంచి జాండార్మ్ (పోలీసు) అని తెలిసిపోతున్నదని సెన్సారువారు అభ్యంతరం చెప్పారు. ఆ టోపీ మీద ఒక దూలాన్ని చిత్రించి కప్పితే గాని సినిమా బయటికి రాలేదు. శవాల గుట్టలను చూపించనిచ్చినవాళ్లు ఆ టోపీని మాత్రం చూపించనివ్వలేదు. అలాంటి టోపీలు నీ యానాం కథలోనూ ఉంటాయి, వాటిని వెతుకు.

ఇప్పటిదాకా చెప్పినవి ఫ్రాన్సు తన గాయాన్ని తాను తడుముకున్న సినిమాలు. వలస దేశాల మనిషి కెమెరా పట్టుకున్నాక ఏమైందో చూడకపోతే నీ చదువు సగమే అవుతుంది. ఉస్మాన్ సెంబేన్ సెనెగల్‌లో పుట్టి, రెండో ప్రపంచ యుద్ధంలో ఫ్రెంచి సైన్యంలో పనిచేసి, మార్సెయ్ రేవులో బరువులు మోసి, ఫ్రెంచిలో నవలలు రాసినవాడు. తన జనంలో చాలామంది ఆ నవలలు చదవలేరని గుర్తించి, నలభై ఏళ్లకు దగ్గరపడుతున్న వయసులో మాస్కో వెళ్లి సినిమా నేర్చుకున్నాడు. 1966లో వచ్చిన ఆయన చిత్రం 'లా న్వార్ ద...' (ఫలానావారి నల్లమ్మాయి) ఒక గంటసేపు ఉంటుందేమో. సెనెగల్ రాజధాని డకార్ నుంచి ఫ్రాన్సులోని ఆంతీబ్‌కు, పిల్లల్ని చూసుకునే పని అని నమ్మి వెళ్లిన ద్యువానా అక్కడ వంటమనిషిగా, పాచిపనిమనిషిగా మారి, ఒక ఫ్లాటులో బందీ అయిపోతుంది. కువైట్‌లో ఇంటిపనికని కోనసీమ నుంచీ కడప వైపు నుంచీ వెళ్లిన ఆడవాళ్ల కథలు విన్న మనకు ఆమె పరాయిది కాదు.

అందులో ఒక ఉత్తరం ఘట్టం ఉంది. ఊరి నుంచి తల్లి ఉత్తరం వస్తుంది. ద్యువానాకు చదువు రాదు, యజమానే చదివి వినిపిస్తాడు. తర్వాత, జవాబు నేను రాసిపెడతానంటూ కలం తీసి, ఆమె బాగానే ఉన్నట్టు, యజమానులు మంచివాళ్లన్నట్టు, ఆమె పేరుతో రాయడం మొదలుపెడతాడు. తన పేరు మీద మరొకరి మాటలు పుట్టుకొస్తున్నాయని తెలిసి ద్యువానా ఉత్తరాన్ని చింపేస్తుంది. సదుద్దేశంతోనే ఇతరుల తరఫున కలం పట్టే మనలాంటి వాళ్లు ఆ యజమాని కుర్చీలో ఒకసారి కూర్చుని ఆలోచించాలి. ఇంకో విషయం కూడా గమనించు. పైకి 'సరే అమ్మా' తప్ప మాట్లాడని ద్యువానా మనసులో మాత్రం ధారాళంగా ఫ్రెంచిలో మాట్లాడుతుంది, ఆ గొంతు తెర మీది నటిది కాదు, హైతీకి చెందిన మరో కళాకారిణిది. ఫ్రెంచి రాని మనిషి మనసును ఫ్రెంచిలో వినిపించడంలోని ఇబ్బంది సెంబేన్‌ను వెంటాడిందని నా నమ్మకం. రెండేళ్లకే, 1968లో, 'మండబి' సినిమాలో ఆయన పాత్రల చేత సెనెగల్ జనభాష వోలోఫ్ మాట్లాడించాడు.

1988లో సెంబేన్, త్యెర్నో ఫాతీ సో కలిసి తీసిన 'త్యారోయ్ శిబిరం' గురించీ రెండు మాటలు. ఫ్రాన్సు కోసం పోరాడి, జర్మన్లకు ఖైదీలుగా చిక్కి, తిరిగి వచ్చిన ఆఫ్రికన్ సైనికులు తమకు రావలసిన జీతం అడిగినందుకు, 1944 డిసెంబరు 1న డకార్ పక్కనే ఫ్రెంచి సైన్యం వాళ్ల మీద కాల్పులు జరిపింది. చనిపోయింది 35 మంది అన్నది నాటి ప్రభుత్వ లెక్క, చరిత్రకారులు అంతకు ఎన్నో రెట్లు అంటారు. సినిమాలో, నాజీ శిబిరంలో మాట పోగొట్టుకున్న ఒక సైనికుడు కాపలా గోపురం మీద ఉంటాడు. చీకట్లో ట్యాంకులు వచ్చి చుట్టుముట్టడం చూసేది అతనొక్కడే. పరిగెత్తుకు వచ్చి సైగలతో, మూలుగులతో చెబుతాడు. పాత భయమేదో తిరగబెట్టిందనుకుని తోటివాళ్లు అతన్ని సముదాయించి పడుకోబెడతారు. నిజం తెలిసినవాడికి నోరు లేకపోవడమన్నది వలసపాలన గురించి ఏ ఉపన్యాసమూ చెప్పలేనంతగా నాకు చెప్పింది.

ఇవి చూశాక, ఫ్రెంచి ఇండోచైనాలో నడిచే 1992 నాటి ఫ్రెంచి సినిమా 'ఇండోషిన్'కు తిరిగి వెళ్లు. ఆస్కార్ వచ్చింది, సముద్రంలోంచి లేచిన కొండలు కళ్లు తిప్పుకోనివ్వవు, కాత్రీన్ దెనెవ్ అద్భుతంగా నటించింది. నేనూ మొదటిసారి పరవశించి చూశాను. రెండోసారి చూసినప్పుడు, రబ్బరు తోటల్లో పాలు తీసే కూలీలు దాదాపుగా దృశ్యానికి నిండుదనం కోసమే ఉన్నారనిపించి మనసు కలుక్కుమంది. నీ స్క్రిప్టు నడిచింది ఈ దారిలోనే అని చెప్పక తప్పదు. సెంబేన్ చిత్రంలో, యజమాని ఇంటి తెల్లగోడకు వేలాడిన ఆఫ్రికా కొయ్య మాస్కును ద్యువానా మరణించాక ఒక పిల్లవాడు ముఖానికి పెట్టుకుని, డకార్ వీధుల్లో ఆ యజమాని వెనకాలే నడుస్తాడు, అతను భయంతో పరుగు లాంటి నడక నడుస్తాడు. 2024లో బెర్లిన్ చిత్రోత్సవంలో అత్యున్నత బహుమతి గోల్డెన్ బేర్ అందుకున్న, మతీ దియోప్ తీసిన 'దహోమీ' సినిమాలో, ఫ్రాన్సు నుంచి బెనిన్‌కు తిరిగివస్తున్న 26 రాజవస్తువులలో ఒక విగ్రహం అక్కడి ఫోన్ తెగవారి భాషలో తానే మాట్లాడుతుంది. దాదాపు అరవై ఏళ్ల ఎడంలో, గోడకు తగిలించిన వస్తువుకు గొంతు వచ్చింది.

ఇప్పుడు నీ యానాం. ఫ్రెంచి అధికారి డైరీ చదువుతున్నట్టుగా కథంతా అతని గొంతులోనే నడిపావు, నీ తెలుగు నాయిక అతనితో ఫ్రెంచిలోనే ప్రేమించుకుంటుంది, ఫ్రెంచిలోనే ఏడుస్తుంది. ఆమె ఆ భాష ఎక్కడ నేర్చుకుంది, ఎవరు నేర్పారు, ఇంట్లో అమ్మతో ఏమని చెప్పింది అన్నవి నువ్వు ఆలోచించలేదు. నీ కథకు అసలైన చరిత్ర ఆ ఊళ్లోనే ఉంది. 1929లో బ్రిటిషు ఇండియాలో బాల్యవివాహాలను అడ్డుకునే శారదా చట్టం వచ్చాక, ఆ చట్టం చెల్లని ఫ్రెంచి నేల కనుక, చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు పసిపిల్లల పెళ్లిళ్లు చేయడానికి యానాం చేరుకునేవి, ఆ ఊరికి కల్యాణపురమన్న పేరు కూడా వచ్చింది. స్వేచ్ఛ గురించి మాట్లాడే ఫ్రెంచి జెండా కింద ఆ పెళ్లిళ్లు జరిగాయి. ప్రేమ, వలస, చరిత్ర అన్న మూడు మాటలూ అంతకంటే దగ్గరగా కలిసే చోటు నీకు మరొకటి దొరకదు.

ఆశ్చర్యమేమిటంటే అది నీ స్క్రిప్టులోనే ఉంది. పదకొండో పేజీలో పెన్సిలుతో గీత గీశాను, చూడు. అధికారి వరండాలో నిలబడి ఉంటాడు, బ్రిటిషు వైపు నుంచి ఒక పెళ్లివారి ఎడ్లబండి వస్తుంది, బాసికం కట్టిన చిన్నపిల్ల తల్లి ఒడిలో నిద్రపోతూ ఉంటుంది, అతను చూసి అందంగా ఉందనుకుంటాడు. ఒకటిన్నర వాక్యంలో బండి వెళ్లిపోతుంది. స్క్రిప్టు తిప్పి పంపుతున్నాను. మిగతా పేజీలన్నీ ప్రస్తుతానికి పక్కన పెట్టు. అధికారిని వరండాలోనే వదిలేసి, ఆ బండిలో ఎక్కి, ఆ పిల్ల నిద్ర లేచేదాకా కూర్చో. లేచాక ఆమె మొదట ఎవరిని పిలిచిందో, ఏమని అడిగిందో రాసి నాకు పంపు.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి