డెంగీ అంటువ్యాధేనా?

సందేహం: పంచాయతీ ఆఫీసు గోడ మీద రాయించడానికి "డెంగీ అంటువ్యాధి, ఇంటిని శుభ్రపరచండి" అని సిద్ధం చేశాం. ఏఎన్‌ఎం గారు చూసి 'అంటువ్యాధి' కాదు, 'సంక్రామిక వ్యాధి' అనాలన్నారు. ఏది సరి? – ఒక పాఠకురాలు, కావలి

సమాధానం: ఆమె అభ్యంతరం న్యాయమైనదే. సూచించిన మాటలోనే దీర్ఘం చోటు తప్పింది.

'అంటువ్యాధి' మిశ్రసమాసం: 'అంటు' తెలుగు, 'వ్యాధి' సంస్కృతం. వ్యాకరణానికి ఏ ఇబ్బందీ లేదు. చిక్కు అర్థంతోనే. అంటడానికి రోగి దగ్గర ఉండాలి. గజ్జి ఒళ్లూ ఒళ్లూ తగిలితే వస్తుంది. తట్టు గాలిలో వస్తుంది. రోగి గదిలోంచి వెళ్లిన రెండు గంటల దాకా ఆ గాలి పీల్చినవారికి సోకవచ్చు. డెంగీ రోగి పక్కన కూర్చుని అన్నం తిన్నా రాదు. ఏడిస్ దోమ ఆ రోగిని కుట్టి, దాని ఒంట్లో వైరస్ కొద్ది రోజులు పెరిగాక, మరొకరిని కుట్టాలి. మలేరియాదీ అదే దారి, దోమ మాత్రం అనాఫిలిస్.

నేరుగా అంటినా, దోమ మోసుకొచ్చినా, రెండిటికీ చెల్లే మాట 'సాంక్రమిక వ్యాధి'. సంప్రదాయం సాంప్రదాయికం అయినట్టే, 'ఇక' చేరితే సంక్రమంలో మొదటి అచ్చు దీర్ఘమవుతుంది. 'అక' చేరితే 'సంక్రామక', అదీ సాధువే. రెండూ కలగలిసిన 'సంక్రామిక' మాత్రం కుదరదు. కనిగిరి ప్రాంతపు ఫ్లోరోసిస్ వీటిలో దేనికిందికీ రాదు. అది నీటి వల్ల వచ్చేదే అయినా అందులో సూక్ష్మజీవి ప్రమేయం లేదు.

ఊరంతా ప్రబలే జబ్బును కూడా అంటువ్యాధి అనడం పత్రికల్లో పాత అలవాటే. 1897 నాటి చట్టాన్ని 'అంటువ్యాధుల చట్టం' అనే రాస్తారు. వార్తలో అది చెల్లుతుంది గాని గోడ మీద వద్దు. చదివినవాళ్లు రోగికి కంచం, గ్లాసు వేరు చేస్తారు, పెరట్లో తొట్టిని వదిలేస్తారు.

ఇక క్రియ. మనవైపు జలుబు చేస్తుంది, గజ్జి పడుతుంది, అమ్మవారు పోస్తుంది. జబ్బుకో క్రియ ఉన్న భాష మనది! డెంగీకి 'వచ్చింది', 'సోకింది' చాలు, 'అంటింది' వద్దు.

నన్నడిగితే 'సాంక్రమిక' కూడా గోడకు బరువే. ఇలా రాయించండి: "డెంగీ దోమకాటుతో వస్తుంది. వారానికొకసారి తొట్లు, డ్రమ్ములు ఖాళీ చేసి, లోపలి గోడలు తోమి, ఆరబెట్టండి. నీళ్లు పట్టాక మూత పెట్టండి." గుడ్డు దోమ కావడానికి సుమారు వారం నుంచి పది రోజులు పడుతుంది కాబట్టి వారం గడువు. మీరు రాసిన 'శుభ్రపరచండి' తీసేయండి. ఆ మాటకు చాలామంది నీళ్లు పారబోసి ఊరుకుంటారు. ఏడిస్ గుడ్లు నీటిమట్టానికి కాస్త పైన గోడకు అతుక్కుని, నీళ్లు లేకపోయినా నెలల తరబడి బతికి, మళ్లీ తొట్టి నింపగానే పొదుగుతాయి. పీచుతో రుద్దితే తప్ప ఊడవు. అందుకే 'తోమండి' అన్న మాటే పడాలి.