కూర రంగు మారితే గిరాకీ మారుతుందా? మా కర్రీ పాయింట్ అనుభవం

తినే వస్తువు రంగును బట్టి మన ఇష్టాయిష్టాలు నిజంగా మారతాయా, లేక అదంతా హోటళ్ల వాళ్ల మార్కెటింగేనా అని అడిగారు. మారతాయి. విజయవాడలో తొమ్మిదేళ్లుగా కర్రీ పాయింట్ నడుపుతున్నాను. సాయంత్రం ఆరున్నర నుంచి జనం గిన్నెల వంక చూసి, వేలితో చూపించి, ప్యాకెట్ కట్టించుకుని వెళ్తారు. మా దగ్గర రుచి చూసి కొనేవాళ్లు ఎవరూ ఉండరు, చూసి కొనేవాళ్లే.

ముందు చికెన్ 65 సంగతి చెప్తాను. మొదట్లో అందరిలాగే నేనూ చిటికెడు ఎర్ర రంగు పొడి కలిపేవాణ్ణి. ఒకరోజు మా చిన్నాడు రెండు ముక్కలు తిని చేతులు కడుక్కున్నాడు, అయినా వేళ్లు గులాబీ రంగులోనే ఉన్నాయి, చొక్కా మీద పడిన మరక సబ్బునీళ్లలో రాత్రంతా నానబెట్టినా వదల్లేదు. ఆ వారమే మానేశాను. కారం, అల్లంవెల్లుల్లి, మసాలా ఏదీ మార్చలేదు, రంగు ఒక్కటే తీసేశాను. ముక్కలు గోధుమరంగులోకి వచ్చాయి, అంతే తేడా. మూడో రోజుకల్లా "ఏంటన్నా, ఈమధ్య కారం తగ్గించేశావ్", "వంటమనిషి మారాడా" అని మొదలుపెట్టారు. తగ్గించలేదు బాబూ, అది తేజ మిరపకాయ కారం, కళ్లలో నీళ్లు తిరుగుతాయి అని చెప్పినా నమ్మరే!

చివరికి గుంటూరు మిర్చి యార్డులో గుమస్తాగా చేసే మా బావమరిది చెప్పాడని సగం తేజ తీసేసి, ఆ సగానికి బాడిగ రకం మిరపకాయ కారం వేశాను. బాడిగకి రంగు ఎక్కువ, ఘాటు తక్కువ. అంటే నేను నిజంగా కారం తగ్గించింది అప్పుడే. సరిగ్గా అప్పుడే వచ్చి "ఇప్పుడు దారిలో పడిందన్నా, కారం అదిరింది" అన్నారు. వాళ్లేం అబద్ధం చెప్పట్లేదు, వాళ్ల నోటికి అలాగే తగిలింది మరి. ఫ్రాన్స్‌లోని బోర్డోలో వైన్ గురించి చదువుకునే 54 మంది విద్యార్థులకు తెల్ల వైన్‌లోనే వాసన లేని ఎర్ర రంగు కలిపి ఇస్తే, ఎర్ర వైన్‌కి వాడే మాటలతోనే దాని వాసనను వర్ణించారట, 2001లో ఆ ప్రయోగం వివరాలు అచ్చయ్యాయి. ఆ చదువు చదివేవాళ్ల పరిస్థితే అదైతే మా వీధి జనాన్ని ఏమనగలం.

ఆ రంగు పొడులు మాత్రం వాడకండి. మన దేశంలో ఆహారంలో కలపడానికి 8 సింథటిక్ రంగులకే అనుమతి ఉంది, అవి కూడా మిఠాయిలు, ఐస్‌క్రీముల్లాంటి కొన్నిటికే. 2024లో కర్ణాటకలో గోబీ మంచూరియాకి, పీచుమిఠాయికి రంగులు వేయకూడదని నిషేధం పెట్టినప్పుడు మా దగ్గర కూడా ఓ వారం జనం రంగు వేశావా అని అడిగి మరీ కొన్నారు, తర్వాత మర్చిపోయారు.

అలాగని ఎర్రగా, నిగనిగలాడేలా ఉంటే చాలనుకోకండి. ఏ కూరకి ఏ రంగు అలవాటో ఆ రంగే కావాలి. గోంగూర ఉడికాక పచ్చదనం పోయి ముదురు ఆకుపచ్చా గోధుమా కాని రంగులోకి వస్తుంది, దాన్ని చూస్తే నోరూరుతుంది. అదే రంగు పాలకూర పప్పుకి వచ్చిందనుకోండి, "పొద్దుటిదా?" అంటారు. రెండింట్లోనూ జరిగేది ఒకటే, పులుపు తగిలితే ఆకులోని పత్రహరితం రంగు మారిపోతుంది. గోంగూరకి ఆ పులుపు దానిలోనే ఉంది. పాలకూరకి మనం చింతపండు ముందే పోసి, మూత పెట్టి ఉడికించి చెడగొడతాం. అందుకే నేను మూత తీసి, ఆకుని కాసేపే ఉడకనిచ్చి, చింతపండు పులుసు దించే ముందు పోస్తాను. కొందరు వంటసోడా వేస్తారు, పచ్చగానే ఉంటుంది గానీ ఆకు గుజ్జయిపోతుంది.

బెల్లం పరమాన్నం ఇంకో కథ. ఓ శ్రావణ శుక్రవారం మంచిదని ముదురు రంగు బెల్లంతో చేశాను, సగం గిన్నె మిగిలిపోయింది. పక్క షాపాయనది అనకాపల్లి వైపు. బెల్లం పసుప్పచ్చగా మెరుస్తూ ఉంటేనే రేటు పలుకుతుంది కాబట్టి, రైతు ఇష్టం లేకపోయినా పాకంలో హైడ్రోస్ అనే, రంగు తేల్చే రసాయనం వేయాల్సి వస్తుందని ఆయన చెప్పాడు. కొనేవాళ్ల కన్ను అంత దూరం పనిచేస్తుందన్నమాట.

లైట్ల విషయం కూడా చెప్పాలి. కరెంటు బిల్లు తగ్గుతుందని పాత పసుప్పచ్చ బల్బులు తీసేసి తెల్లటి ఎల్‌ఈడీ ట్యూబులు పెట్టాను. అవే కూరలు, అదే నూనె, కానీ వంకాయ కూర బూడిద పూసినట్టు కనిపించింది. వారం చూసి పసుపు వెలుగునిచ్చే ఎల్‌ఈడీలు తెచ్చి గిన్నెల పైన వేలాడదీశాను.

నన్ను ఓడించింది మాత్రం సొరకాయ పాలు పోసిన కూరే. తెల్లగా ఉందంటే పథ్యం కూర అనేస్తారు, ఆరోగ్యం బాగాలేని వాళ్లకి తప్ప ఎవరికీ పనికిరానట్టు చూస్తారు. ఇప్పుడు పైన ఎండుమిర్చి, కరివేపాకు పోపు కనిపించేలా వేస్తున్నాను, ఎనిమిదిన్నరకల్లా గిన్నె ఖాళీ. ఒక పెద్దాయన మాత్రం రోజూ వచ్చి "బాబూ, ఆ మిరపకాయలు పక్కకి తీసి కట్టు" అంటాడు.