రేడియేషన్ ట్రయల్లో నాన్నను చేర్చొచ్చా? చేరినవాడిగా నా జవాబు

మీ నాన్నగారికి ప్రోస్టేట్ క్యాన్సర్ అని, ట్రయల్లో (రెండు చికిత్స పద్ధతులను రోగుల మీద పోల్చి చూసే అధ్యయనంలో) చేర్చొచ్చా అని, అమ్మ భయపడుతున్నారని అడిగారు కదా. మీ అమ్మగారి భయమే మా ఇంట్లోనూ. "ఎలుకల మీద చేసేది నీ మీద చేస్తరా?" అని మా ఆవిడ రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. నాకూ అదే జబ్బు, అప్పుడు 66 ఏళ్ళు. నిజామాబాద్‌లో ఆర్టీసీ కండక్టర్‌గా చేసి రిటైరయ్యాను. పీఎస్ఏ (ప్రోస్టేట్ జబ్బుకు చేసే రక్తపరీక్ష) 40 దాటింది, గ్లీసన్ (ముక్క పరీక్షలో క్యాన్సర్ తీవ్రతకు ఇచ్చే మార్కు) 8, అంటే హై రిస్క్, జబ్బు ముదిరే ప్రమాదం ఎక్కువన్నమాట. ముంబైలో ఒక క్యాన్సర్ ఆసుపత్రిలో ట్రయల్ సంగతి చెప్పారు.

అందులో మందూ కొత్తది కాదు, మెషీనూ కొత్తది కాదు. తేలాల్సింది ఒకటే: రేడియేషన్ 25 సిట్టింగుల్లో ఇవ్వాలా, ఒక్కోసారి డోసు పెంచి 5 సిట్టింగుల్లో ముగించాలా. ఇదేమీ గాల్లోంచి పుట్టిన ఆలోచన కాదు. బ్రిటన్ వాళ్ళు 3,200 మందికి పైగా మగవాళ్ళ మీద చేసిన చిప్ (CHHiP) అనే ట్రయల్లో 37 సిట్టింగులకు బదులు 20 సరిపోతాయని 2016లో తేలింది. పేస్-బి (PACE-B) అనే ఇంకో ట్రయల్ ఫలితం 2024లో వచ్చింది. 5 సిట్టింగులతో కూడా అయిదేళ్ళ తర్వాత నూటికి 95 మందికి జబ్బు తిరగబెట్టలేదు, మామూలు పద్ధతిలోనూ దాదాపు అంతే. మూత్రం ఇబ్బందులు మాత్రం 5 సిట్టింగుల వాళ్ళకు కొంచెం ఎక్కువ. కానీ ఆ 874 మందిలో నాలాంటి హై రిస్క్ వాళ్ళు లేరు. మాలాంటి వాళ్ళకు విడిగా ట్రయల్ పెట్టేది అందుకే.

ఇక అసలు సంగతి. ఎవరు ఏ గ్రూపులో పడాలో డాక్టర్ చేతిలో ఉండదు, మన చేతిలోనూ ఉండదు. కంప్యూటర్ చీటీ తీస్తుంది. నేను 5 వస్తాయని ఆశపడి సంతకం పెట్టాను. 25 వచ్చింది. అయిదు వారాలు ముంబైలో గది అద్దె, మా చిన్నోడి సెలవులు, బయటి తిండి. ఆ సాయంత్రం డాక్టర్ మీద చిరాకు పడ్డాను కూడా, పాపం ఆయన చేసిందేమీ లేదు. కాబట్టి నాన్నగారిని ఒకటే అడగండి: "ఏ చీటీ వచ్చినా సరేనా?" అని. ఆయన మనసు ఒకదాని మీదే ఉంటే చేర్చకండి. ట్రయల్ బయట మామూలు చికిత్స ఎలాగూ ఉంది.

ఫారం ఇంగ్లీషులో ఇచ్చి "ఇక్కడ సంతకం పెట్టండి" అన్నాడు ఒక కుర్రాడు. తెలుగు ఫారం కావాలని పట్టుబట్టాను, నాలుగు రోజులకు వచ్చింది. ఇంటికి తెచ్చుకుని చదివాను. మధ్యలో ఎప్పుడైనా తప్పుకోవచ్చని, తప్పుకున్నా వైద్యం ఆపరని, ట్రయల్ వల్ల హాని జరిగితే పరిహారం సంగతేంటో, ఎథిక్స్ కమిటీ (ట్రయల్లో రోగులకు అన్యాయం జరగకుండా చూసేవాళ్ళు) ఫోన్ నంబరు, అన్నీ అందులో ఉండాలి. సీటీఆర్ఐ (దేశంలో ట్రయల్స్ నమోదు చేసే ప్రభుత్వ రిజిస్ట్రీ) నంబరు అడగండి. మన దేశంలో 2009 నుంచి ట్రయల్స్ అక్కడ నమోదు కావాల్సిందే, ఆ సైట్లో ఎవరైనా చూడొచ్చు. ఇంకొకటి, ట్రయల్ అంటే అంతా ఉచితం అనుకోకండి. నా సిట్టింగుల బిల్లు నేనే కట్టాను. ఏది వాళ్ళు భరిస్తారో ముందే రాతపూర్వకంగా తీసుకోండి.

రేడియేషన్ నొప్పి పెట్టదు. కష్టమంతా నీళ్ళతోనే. ప్రతిసారీ మూత్రసంచి నిండుగా, పేగు ఖాళీగా ఉండాలి. అరలీటరు తాగి ముక్కాలు గంట ఆపుకుని కూర్చోవాలి. ఒకరోజు గ్యాస్ ఉందని స్కాన్‌లో చూసి టేబుల్ మీద నుంచి దింపేశారు, మళ్ళీ మొదటి నుంచీ నీళ్ళు. మూడో వారం నుంచి మూత్రంలో మంట, రాత్రికి అయిదారుసార్లు లేవడం. అయిపోయాక నెలన్నరకు తగ్గింది. రేడియేషన్‌తో పాటు ఇచ్చిన హార్మోన్ ఇంజెక్షన్ల వల్ల ఒంట్లో వేడి ఆవిర్లు మాత్రం చాలాకాలం ఉన్నాయి.

చెకప్‌కు వెళ్ళినప్పుడల్లా ఒక ప్రశ్నాపత్రం నింపాలి. మూత్రం, విరేచనం సరే, సంసారం గురించి కూడా అడుగుతారు. మొదటిసారి పక్కన కూతురు కూర్చుని చదివి వినిపించబోయింది. ఆ పని అల్లుడికో కొడుకుకో అప్పగించండి.

నాన్నగారి పీఎస్ఏ, గ్లీసన్ ఎంతో, ట్రయల్లో దేనితో దేన్ని పోలుస్తున్నారో ఇక్కడ రాయండి. అప్పట్లో డాక్టర్‌ను అడగడానికి నోటుబుక్కులో రాసుకున్న ప్రశ్నలు ఇంకా ఉన్నాయి, పెడతాను.