తెల్లవారుజామున చేపలు పైకి తేలి గుటకలు వేస్తున్నాయి, ఏం చేయాలి?

ప్రశ్న: మాది బెంగళూరు పక్కన హోస్కోట తాలూకా. ప్లాస్టిక్ షీటు పరిచిన పది గుంటల (పావు ఎకరం) కృషి హొండలో, అంటే పొలంలో తవ్వుకున్న నీటి కుంటలో, బొచ్చె, రోహు, మోసు కలిపి 1,500 పిల్లలు వదిలాను. ఎదుగుదల లేదని పోయిన నెల రెండు ట్రాక్టర్ల పేడ, పది బస్తాల కోళ్ళ ఎరువు వేశాను. నీళ్ళు చిక్కటి పచ్చగా మారాయి. నాలుగు రోజులుగా మబ్బు పట్టింది. తెల్లారేసరికి చేపలన్నీ పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి, పెద్దవి కొన్ని చచ్చిపోయాయి. పాచి మందు కొట్టమంటారా? లేక ఇవి తీసేసి మంచి ధర పలికే కొర్రమీను వేసుకుంటే నయమా సార్?

జవాబు: ముందు ఈ రాత్రి సంగతి చూడండి. పేడ, మేత రెండూ ఆపేయండి. అర్ధరాత్రి దాటాక మోటారు వేసి, కుంట నీటినే తోడి మళ్ళీ కుంటలోనే ఎత్తు నుంచి జల్లులా పడేట్టు పైపు కట్టండి. ఎండ బాగా వచ్చేదాకా ఆపొద్దు. బోరు నీళ్ళు వదిలినా అలా పైనుంచి చిలకరించే వదలండి, ఎందుకంటే బోరు నీటిలో ఆక్సిజన్ తక్కువ. చచ్చిన చేపల్ని వెంటనే తీసి పూడ్చేయండి.

పాచి మందు మాత్రం వద్దే వద్దు. పాచి మందుగా కొట్టే మైలుతుత్తం పడితే పాచి అంతా ఒక్కసారే చచ్చి కుళ్ళుతుంది. మిగిలిన కాస్త ఆక్సిజన్ ఆ కుళ్ళుకే పోతుంది. ఎవరో ఒకరు సున్నం చల్లమని కూడా చెబుతారు, పీహెచ్ (నీటి పులుపు, క్షార గుణాల కొలత) చూడకుండా అదీ చల్లకండి. ఇంత పచ్చటి నీటిలో ఎండ కాస్తే మధ్యాహ్నానికి పీహెచ్ 9 దాటొచ్చు. అప్పుడు కోళ్ళ ఎరువులోని అమ్మోనియా చేపలకు మరింత విషమవుతుంది.

ఆ పచ్చదనం కంటికి కనపడని మొక్కలే. పగలు ఎండలో ఆక్సిజన్ వదులుతాయి, రాత్రి మనలాగే పీల్చుకుంటాయి. అందుకే తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువ ఉంటుంది. మబ్బు రోజుల్లో పగటి సంపాదన కూడా తగ్గుతుంది. లీటరు నీటిలో 5 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉంటే చేపకు సుఖం, రెండుకు పడిపోతే పైకొచ్చి గుటకలు తప్పవు. దీనికి తోడు మీరు వేసిన పేడను కుళ్ళబెట్టే బాక్టీరియా రాత్రీ పగలూ ఆక్సిజన్ లాగుతూనే ఉంటుంది. పది గుంటలకు ఏడాది మొత్తానికి టన్ను, టన్నున్నర పేడ సరిపోతుంది. మీరు అంతకు మించి ఒక్క విడతలో దించారు. 2016 మార్చిలో బెంగళూరు హలసూరు చెరువులో వేల చేపలు తేలిపోయినప్పుడు కూడా మురుగు చేరి ఆక్సిజన్ పడిపోవడమే కారణం.

షీటు పరిచిన కుంటలో ఇంకో చిక్కుంది. మట్టి అడుగు ఉంటే పేడ కొంత అందులో కలిసి, వానపాముల్లాంటి చిన్న పురుగులకు తిండై, వాటిని మోసు ఏరుకు తింటుంది. షీటు మీద అది నల్లటి బురద పొరగా పేరుకుని గబ్బు కొడుతుంది. మోటారు పైపు చివరి ఫుట్‌వాల్వు అడుగు దాకా దించి ఆ నీళ్ళు మీ బీన్సుకో గులాబీకో పారించండి. నత్రజని, భాస్వరం వృథా పోవు, పైరు ఎత్తుకుంటుంది.

ఇక ఎదుగుదల లేకపోవడం సంగతి. అది ఎరువు లోపం కాదు, లెక్క లోపం. కుంటలో తిండి అంతా ఎండ నుంచే పుట్టాలి. ఎండను ఆ పచ్చ మొక్కలు పట్టుకుంటాయి, వాటిని సన్న పురుగులు తింటాయి, పురుగుల్ని బొచ్చె తింటుంది. ప్రతి మెట్టు దగ్గరా తిన్నదాంట్లో ఎక్కువ భాగం ఊపిరికీ, కదలికకీ, వేడికీ ఖర్చయిపోతుంది. పై మెట్టుకు చేరేది సుమారు పదో వంతే. 1942లో అమెరికాలో రేమండ్ లిండెమన్ ఒక చిన్న చెరువును అధ్యయనం చేసి ఈ శక్తి లెక్కకు బాట వేశాడు. పదో వంతు అన్నది గట్టి గీత కాదు, చోటును బట్టి ఎక్కువతక్కువలుంటాయి. ఎరువులోని సారం మాత్రం కుళ్ళి మళ్ళీ మొక్కకు చేరుతుంది. శక్తి అలా తిరిగి రాదు, రేపటి ఎండే రావాలి. పది గుంటల మీద పడే ఎండ అంతే కాబట్టి 1,500 నోళ్ళకు చాలదు. 500 చాలు: 200 బొచ్చె, 150 రోహు, 150 మోసు. బొచ్చె పైన, రోహు మధ్యలో, మోసు అడుగున మేస్తాయి గనుక ఒకదాని తిండికి ఇంకొకటి అడ్డు రాదు.

కొర్రమీను నీటి పైకొచ్చి గాలి పీలుస్తుంది, కాబట్టి ఈ నీటిలోనూ బతుకుతుంది. కానీ అది చేపల్ని తినే చేప, అంటే ఇంకో మెట్టు పైన. దాని ధర ఎక్కువ పలకడానికి ఆ మెట్టు ఖర్చు కూడా ఒక కారణం. కుంటలో పుట్టే తిండితో కిలో కొర్రమీను తయారవ్వాలంటే అంతకు ఎన్నో రెట్ల బరువైన చిన్న చేపలు దాని నోట్లోకి పోవాలి. మేత కొని పెడతానంటే లెక్క వేరు. కిలో చేపకు ఒకటిన్నర, రెండు కిలోల గుళికలు సరిపోతాయంటారు, నిజమే. అయితే గుళిక ఎండుది, చేపలో ముప్పావు వంతు నీరే. పైగా ఆ గుళికల్లో మాంసకృత్తులు బాగా ఉండాలి, బస్తా ఖరీదు చూశాకే దిగండి. వేసేట్టయితే వేరే తొట్టిలో, వలతో కప్పి పెంచండి. వీటితో కలిపి వదిలితే మీ బొచ్చె పిల్లలే దానికి మేత. ఎవరైనా ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ అంటగట్టబోతే తీసుకోకండి, మన దేశంలో దాని పెంపకం నిషేధం.

ఈ గండం గట్టెక్కాక ఎదిగినవి ముందు అమ్మి సాంద్రత తగ్గించండి. మిట్టమధ్యాహ్నం చేయి మోచేతి దాకా ముంచి చూడండి. అరచేయి మోచేయి మునిగే వేళకు కనుమరుగైతే నీళ్ళు సరిగ్గా ఉన్నట్టు. ముందే మాయమైతే పేడ ఆపండి. మోచేయి మునిగాక కూడా వేళ్ళు స్పష్టంగా కనిపిస్తేనే వారానికి 20, 30 కిలోల పేడ, అదీ రెండు విడతలుగా నీళ్ళలో కలిపి చల్లండి.